సూర్యుడి గాలికి కాపలా

మొగిలిగుంటలో మనుషులు లేరని కాగితాల మీద రాసి ఉంది. రాసినవాడు ఊరికి వచ్చి చూడలేదు. వచ్చి ఉంటే, పొద్దున్నే పొగ లేచే పొయ్యిలు ఇంకా కొన్ని కనిపించేవి. వాటిలో ఒకటి ముత్యం ఇంటిది.

ముత్యం భూగర్భ గనిలో హాలేజీ పని చేసి రిటైరైన మనిషి. బొగ్గు నిండిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను ఒక చోట, చీకట్లో ఆ టబ్బులను తాడుకు తగిలించే మనుషులు ఇంకో చోట. వాళ్ల మధ్య మాట నడవదు. గంట దెబ్బలే నడుస్తాయి. ఒక దెబ్బ పడితే ఆపాలి. ఆపకపోతే కింద ఎవడి కాలో టబ్బు కింద పడుతుంది. ఆ దెబ్బలు వింటూనే ముత్యానికి వయసు గడిచిపోయింది. తను ఇంజను దగ్గర ఉన్న షిఫ్టులో ఎవరికీ ఏమీ కాలేదని అతనికి లోలోపల గర్వం. పైకి ఎప్పుడూ అనలేదు, అడిగినవాళ్లూ లేరు. గని అతనికి పింఛనుతో పాటు దమ్ము జబ్బు కూడా ఇచ్చింది. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే ఐదో మాటకు ఊపిరి అందదు.

అతని భార్య లింగవ్వకు చక్కెర జబ్బు వచ్చి చూపు పోయింది. కరీంనగర్ దవాఖానలో ఇక లాభం లేదన్న రోజు ముత్యం బస్సులో వెక్కి వెక్కి ఏడిస్తే, లింగవ్వే అతన్ని ఊరుకోబెట్టింది. ఊళ్లోకి వచ్చాక చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నా కాళ్లతోని నేను నడిచినన్ని దినాలే నేను మనిషిని. చెయ్యి పట్టి నడిపిచ్చినవంటే ఇంట్ల సామానునైత" అంది.

నడిచింది కూడా. మొదట్లో గోడలు తడుముకుంటూ, తర్వాత చేతులు వదిలేసి. ఆమె ఊరిని చెవులతో నేర్చుకుంది. గడప దాటగానే ఎడమ చేతి వైపు పిండి గిర్ని చప్పుడు. అది వెనకబడితే అంగన్‌వాడీ పిల్లల గోల. గోల తర్వాత కిషన్ బర్రెల కొట్టం, గొలుసుల చప్పుడు, పేడ వాసన. అక్కడ కుడికి తిరిగితే బోరింగు. బోరింగు నుంచి తిన్నగా పోతే తమ పత్తి చేను. మధ్యాహ్నం మొగుడికి సద్ది పట్టుకుని చేనుకు ఒక్కతే పోయేది, ఒక్కతే వచ్చేది. కొత్తగా చూసినవాళ్లకు ఆమెకు కళ్లు లేవంటే నమ్మకం కుదిరేది కాదు.

తర్వాత నేలను పైనుంచే తవ్వుకుంటూ వచ్చే ఓపెన్‌కాస్టు గని ఇటువైపు జరుగుతుందని తేలింది. కొలిచారు, నోటీసులు ఇచ్చారు, దూరంగా ఒక కాలనీ కట్టారు. జనం ట్రాక్టర్లకెక్కి పోవడం మొదలుపెట్టారు. పోతున్నవాళ్లు తలుపులు, కిటికీలు, వాసాలు పీక్కుని పోయారు. ఊరికి వచ్చే కరెంటు తీగలు కూడా ఒకరోజు చుట్టలు చుట్టుకుని పోయాయి. కరెంటుతో పాటు గిర్ని పోయింది. ఆ రోజే లింగవ్వ మొదటిసారి దారి తప్పింది. మలుపు దాటిపోయి, పడిపోయిన ఒక ఇంటి మొండిగోడల మధ్య నిలబడి ఉంటే కిషన్ చూసి తీసుకొచ్చాడు. తర్వాత అంగన్‌వాడీ పోయింది. మొగిలిగుంట రోజురోజుకూ నిశ్శబ్దమవుతూ ఉంటే, ఆ నిశ్శబ్దం ఆమెకు రెండోసారి చూపు పోవడంలా వచ్చింది.

కిషన్‌కు నలభై ఏళ్లు ఉంటాయి. ముత్యాన్ని కాకా అని పిలుస్తాడు. పాలు పోసి బతుకుతాడు, నోరు ఆగదు. మనం కూడా కాలనీకి పోదాం కాకా, ఇక్కడ నక్కలు తప్ప ఏమున్నాయని చాలాసార్లు అన్నాడు. ముత్యం దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు.

"కాలనీల ఇండ్లన్ని ఒక్క తీరుగనే ఉన్నయి. కండ్లున్నోళ్లే పక్కింట్లకు పోయి చెప్పులు ఇడుస్తున్నరు. ఆమెకెట్ల తెలుస్తది? గీ ముసలితనంల ఇంకో ఊరు నేర్చుకుంటదా?"

లింగవ్వ ఒంటరిగా చేను దాకా నడిచి రాగలిగినన్నాళ్లు ఊరు వదిలేది లేదు. ముత్యం పట్టుకున్నది అదొక్కటే. మిగతావాళ్లు పరిహారం ఇంకా ఎక్కువ కావాలని ఉండిపోయారో, ఎటూ తోచక ఉండిపోయారో వాళ్లకే తెలియాలి.

పత్తి మొదటిసారి ఏరడం అయ్యాక ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగిన అమ్మాయి పేరు జమున. హైదరాబాదులో ఏదో పరిశోధన సంస్థలో చదువుతోంది. జీపు చూడగానే కిషన్ మళ్లీ కొలవడానికి వచ్చారని తిట్లకు దిగాడు. ఆ అమ్మాయి బెదరలేదు. తనది నస్పూర్ అని, వాళ్ల నాన్న కూడా గని మనిషేనని, కంపెనీ క్వార్టర్లలో పెరిగానని చెప్పింది. బొగ్గు కోసం రాలేదని, నేల కింద ఏముందో తనకు అక్కర్లేదని అంది. మరి దేనికి వచ్చినట్టని ముత్యం అడిగాడు. ఆమె పైకి చూపించింది.

"సూర్యుని నుంచి ఎండ ఒక్కటే రాదు కాకా. కండ్లకు కనపడని గాలి గూడ వస్తది. భూమి సుట్టు అయస్కాంతపు దడి కట్టినట్టు ఉంటది. గా గాలి వచ్చి తాకితే దడి వణుకుతది. ధ్రువాల కాడ, మంచు ఉన్న తావుల, గా వణుకు మస్తుగ కనపడుతది. అక్కడినుంచి సన్నగ, శాన సన్నగ ఈడి దాక వస్తది. నేను గా వణుకు పట్టుకోవాలె."

దక్షిణ ధ్రువం దగ్గర మంచు మీద మన దేశపోళ్ల గుడిసె ఒకటి ఉందని, అందులోనూ ఇలాంటి యంత్రమే ఉందని చెప్పింది. అక్కడ పడిన గీతా ఇక్కడ పడిన గీతా పక్కపక్కన పెట్టి, ఒకే వణుకు రెండు చోట్లా ఎలా వచ్చిందో చూడాలట. ఇది సరిగ్గా కుదిరితే ఆ మంచు గుడిసెకు పోయే మనుషుల్లో తన పేరు కూడా ఉంటుందట. ఆ మాట చెప్తున్నప్పుడు మాత్రం ఆమె చిన్నపిల్లలా కనిపించింది.

ముత్యం అన్నీ విని ఒకటే అడిగాడు. ఇంత దేశం ఉండగా మా ఊరే ఎందుకు?

రామగుండం చుట్టూ ఎటు చూసినా కరెంటు తీగలే, ఆ రొదలో సూర్యుడి వణుకు వినపడదని ఆమె చెప్పింది. ఈ పట్టున కరెంటు లేని చోటు, మనుషులు లేని చోటు ఇదొక్కటేనని కాగితాల్లో చూసి వచ్చానంది. అంటూనే ఆగిపోయింది.

"మేం ఉన్నం గద బిడ్డా" అన్నాడు ముత్యం.

"మీరున్నరని మాకెవ్వలు చెప్పలే కాకా."

కిషన్ నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

ముత్యం చేను పక్కన బీడులో గోతులు తవ్వి, మనిషి చేయంత పొడుగు గొట్టాలు మూడు పాతిపెట్టారు. వాటి నుంచి తీగలు ఒక పెట్టెలోకి పోతాయి. చుట్టూ గుంజలు పాతి నైలాను తాడు కట్టారు. కాపలాకు ముత్యాన్ని పెట్టుకున్నారు. అయస్కాంతపు వణుకు పట్టే గొట్టాలు కాబట్టి తాడు లోపలికి ఇనుము రాకూడదు. బండి, గొడ్డలి, ఫోను, తాళంచెవి, బెల్టు బిళ్ల, ఏదీ రాకూడదు. జమున భయపడుతూ భయపడుతూ ఇవన్నీ చెప్తే ముత్యం తేలిగ్గా తలూపాడు. గని దిగేముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జీవితమంతా అతని జేబులు తడిమారు. ఇప్పుడు తడిమే పని తనకు వచ్చింది. జీపు డ్రైవరును తాడు బయటే ఆపి మొలతాడుకు కట్టుకున్న పిన్నీసు కూడా విప్పించాడు. తర్వాత చానాళ్లు ఆ డ్రైవరు ముత్యాన్ని చూస్తే దూరం నుంచే నడుం తడుముకునేవాడు.

కాపలా వల్ల ముత్యం పొద్దంతా చేను దగ్గరే ఉండాల్సి వచ్చింది. లింగవ్వ సద్ది తెస్తూ రెండుసార్లు దారి తప్పింది. రెండోసారి మోకాలు పగిలింది. నేనే ఇంటికొచ్చి తినిపోతానని ముత్యం అంటే ఆమె సద్ది గిన్నెను మూలకు నెట్టేసింది. అది అతనికి నచ్చలేదు. మరునాడు మూసేసిన బడికి పోయాడు. బల్లలు, కుర్చీలు ఎవరో మోసుకుపోయారు గానీ, గంటగా కొట్టే రైలు పట్టా ముక్క అక్కడే వేలాడుతోంది. దాన్ని భుజాన వేసుకుని, ఆగి ఆగి దమ్ము తీసుకుంటూ చేనుకు తెచ్చాడు. తాడుకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక తుమ్మచెట్టు ఉంది. దాని కొమ్మకు కట్టాడు. తాడు లోపల ఇనుము ఉండొద్దన్నారు, ఇది తాడు బయట ఉంది. గనిలో గీత అంటే గీతే. గీతకు ఇవతల బీడీ నేరం, అవతల అదే బీడీని మేనేజరు కూడా అడిగి కాలుస్తాడు. ముత్యానికి ఇంకో ఆలోచనే రాలేదు.

ఆ రాత్రి మొగుడూ పెళ్లాం కూర్చుని దెబ్బలు ఖాయం చేసుకున్నారు. ఒకటి అంటే ఆగు, అది గనిలోదే. మిగతావి సొంతంగా పెట్టుకున్నారు. రెండంటే నడువు. మూడంటే కుడికి జరుగు. మర్నాడు మధ్యాహ్నం ఆమె బోరింగు దాటగానే అతను రెండు కొట్టాడు. ఖాళీ ఊరి మీద ఆ చప్పుడు ఇత్తడి బిందె దొర్లినట్టు పోయింది. లింగవ్వ తల ఎత్తి, నెత్తి మీద గిన్నె ఒక చేత్తో పట్టుకుని, నేరుగా నడిచి వచ్చింది. చాన్నాళ్లకు ఆమె మొహంలో వెనకటి పొగరు కనిపించింది.

"ఏందే చిన్నమ్మా, మొగుడు గంట గొడితె బడికి పోతున్నవా?" అన్నాడు కిషన్ గట్టు మీద నుంచి.

"నీ పెండ్లాం నువ్వు ఊళ గొట్టినా ఇనదు గద, గందుకే నీకు గుస్స" అంది లింగవ్వ ఆగకుండా. కిషన్ బర్రెలు కూడా తలలు ఎత్తి చూశాయి.

వారం తర్వాత జమున వచ్చి, యంత్రం ఆపి, పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించింది. చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గీత మీద చిన్న చిన్న అలలు, ఒకే లయలో, మెల్లగా సన్నబడుతూ. ముత్యాన్ని పిలిచి చూపించింది. సూర్యుడి మీద ఈ మధ్య తుఫానులు ఎక్కువగా ఉన్నాయని, ఇంత శుభ్రమైన అలలు మంచు దేశంలో వస్తాయని విందిగానీ ఇక్కడ వస్తాయని తను కూడా అనుకోలేదని చెప్పింది. ఆ మాటలు ముత్యానికి సగం అర్థం కాలేదు. కానీ తన కాపలాలో ఏదో మంచి జరిగిందని సంతోషపడ్డాడు. లింగవ్వ ఆమెకు చెయ్యి తడిమి సొరకాయ ఒకటి ఇచ్చి పంపింది.

మళ్లీ వచ్చినప్పుడు ఆమె జీపు దిగి ఎవరినీ పలకరించలేదు. వాళ్ల ప్రొఫెసరు ఆ అలలను మంచు గుడిసె గీతలతో పోల్చి చూశాడట. ఆ రోజుల్లో, ఆ వేళల్లో అక్కడ ఏ వణుకూ లేదు. పుట్టిన చోటే లేనిది ఇంత దూరం ఎలా వస్తుంది? నువ్వు యంత్రం పెట్టిన చోట కదిలే ఇనుము ఏముందో చూసుకో పొమ్మన్నాడట. ఆమె తాడు చుట్టూ తిరిగింది. తుమ్మచెట్టు కింద ఆగింది. గాలికి పట్టా ముక్క మెల్లగా ఊగుతోంది.

జమున అక్కడే నేల మీద కూర్చుంది. అరుస్తుందేమోనని ముత్యం చూశాడు.  

"నేను తాడు దాటలే బిడ్డా."

"దాటలే కాకా. తాడు అవతల గూడ వద్దని నేనే చెప్పలే."

పట్టా ముక్క ఎందుకు కట్టాడో ముత్యం చెప్పాడు. దాన్ని తీయకపోతే నెలల పని పోతుంది. తీస్తే ఏం పోతుందో కూడా ఇప్పుడు ఆమెకు తెలుసు. గొట్టాలు వేరే చోటికి మార్చడానికి లేదట, నేలలో సర్దుకోవడానికే వారాలు పడుతుంది, ఇచ్చిన గడువు అంత లేదు. జీపులోంచి ప్లాస్టిక్ ఈల తెచ్చి ఇచ్చింది. ముత్యం ఊదబోతే దగ్గు వచ్చింది. ఆమే ఊది చూస్తే, చప్పుడు మొండిగోడలకు తగిలి నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. గిర్రున తిరిగి ఎటు పోవాలో తెలియక లింగవ్వ నడిదారిలో నవ్వింది. ఇత్తడి పళ్లెం కొట్టి చూశారు. అది బోరింగు దాకా కూడా వినపడలేదు.

చివరికి జమున టేపు పెట్టి దూరం కొలిచి, పట్టా ముక్కను కిషన్ పాత కొట్టం దగ్గర కట్టుకోవచ్చని చెప్పింది. అక్కడ ఊగినా యంత్రానికి తెలియదట. అది ఊళ్లో ఉన్న బర్రెల కొట్టం కాదు, చేనుకు పక్కగా, వాగు గట్టు మీద ఎప్పుడో వదిలేసింది. దానికీ చేను బాటకూ మధ్య పాత మోట బావి ఉంది. బావి ఒడ్డు రాళ్లను కాలనీకి పోతూ ఎవరో ట్రాక్టరులో వేసుకుపోయారు. నేలకు సమంగా నోరు తెరుచుకుని ఉంటుంది.

ముత్యం లింగవ్వకు మళ్లీ చెప్పాడు. చప్పుడు ఇదివరకులా మొహానికి ఎదురుగా రాదు, ఎడమ భుజానికి రావాలి, మొహానికి వచ్చిందంటే తప్పు నడుస్తున్నట్టు. ఆమె ఆ మాట రెండుసార్లు తిరిగి అప్పజెప్పింది. కొన్నాళ్లు సరిగ్గానే నడిచింది. ముత్యం కొట్టం దగ్గర నిలబడి, ఆమె పక్కకు ఒరిగితే ఒకటి కొట్టి ఆపి, మూడు కొట్టి జరిపి, మళ్లీ రెండు కొట్టేవాడు. వెనకటి షిఫ్టులాగే కళ్లు ఆర్పకుండా చూసేవాడు. రోజూ అది అయ్యేసరికి ఒళ్లంతా చెమట.

ఒక మధ్యాహ్నం జమున పెట్టె దగ్గర నుంచి చేతులూపి పిలిచింది. మంచు గుడిసె గీత వచ్చిందట, ఇక్కడి గీతా అదీ కలిశాయట, కాకా జల్ది రా అని. కిషన్ పక్కనే ఉన్నాడు. చిన్నమ్మ వస్తే నేను కొడతాలే, పోయి చూసిరా అన్నాడు. ముత్యం పోయాడు.

తెర మీద రెండు గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పైది పెద్దపెద్ద మడతలతో, కిందది వెంట్రుక వణికినంత. కానీ పైది లేచిన చోటే కిందదీ లేచింది. ఎవరూ ఊపకుండా, ఏ ఇనుమూ కదలకుండా, నిజంగా సూర్యుడి దగ్గర నుంచి వచ్చింది ఇదేనని జమున చెప్తోంది. ముత్యం వంగి చూస్తున్నాడు. వెనక నుంచి రెండు దెబ్బలు వినపడ్డాయి. మళ్లీ రెండు. మళ్లీ రెండు. బడి గంట కొట్టినట్టు, తెరిపి లేకుండా.

ముత్యం తలెత్తాడు. లింగవ్వ బాట మీద లేదు. చప్పుడును మొహానికి పెట్టుకుని, పాత అలవాటుకు, నేరుగా కొట్టం వైపు నడుస్తోంది. నెత్తి మీద గిన్నె. కిషన్ ఒక చేత్తో కొడుతూ ఇంకో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. బావి ఆమె ముందే ఉంది.

ఒకటి కొట్టు అని అరవాలి. ముత్యం నోరు తెరిచాడు. లోపల దుమ్ము తప్ప ఏమీ కదల్లేదు. గాలి పీల్చుకుని మళ్లీ తెరిచాడు, దగ్గు తన్నుకొచ్చింది. కాళ్లు పరిగెత్తాయి అనుకున్నాడు గానీ అవి అక్కడే మోకాళ్ల మీద పడ్డాయి. రెండు దెబ్బలు. మళ్లీ రెండు. అతని చెయ్యి మాత్రం ఒకటి, ఒకటి, ఒకటి అని నేలను కొడుతోంది. మట్టి చప్పుడు చేయలేదు. అతను ఎటు చూస్తున్నాడో చూసి జమున తాడు మీంచి దూకి పరిగెత్తింది.

ఆమె లింగవ్వ రెక్క పట్టి వెనక్కి లాగినప్పుడు గిన్నె బావిలో పడింది. నీళ్ల చప్పుడు చాలాసేపటికి వచ్చింది. దెబ్బలు అప్పుడు ఆగాయి.

ముత్యం పాక్కుంటూ, లేస్తూ, అక్కడికి చేరేసరికి లింగవ్వ నేల మీద కూర్చుని ఉంది. కిషన్ ఏడుస్తూ తన చెంపలు తనే వాయించుకుంటున్నాడు. ఆమె ముత్యం ఊపిరి వినపడిన వైపు మొహం తిప్పింది.

"తప్పు పోతుంటె ఒక్కటి కొడుతవనుకున్న" అంది.

అతను దగ్గుతూనే ఆమెకూ బావికీ మధ్య కూర్చున్నాడు. 

మరునాడు ముత్యం కొట్టం దగ్గర నిలబడి రెండు కొట్టాడు. ఆమె రాలేదు. ఆ మరునాడు కొట్టాడు. ఇంటికి వచ్చి చూస్తే గడప లోపల, మంచం కోడు పట్టుకుని కూర్చుని ఉంది. వినపడలేదా అంటే వినపడిందంది. కాళ్లు లేస్తలేవంది. జమున వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు ఏదో చెప్పింది. మేం నడిపిస్తాం అవ్వా, కొన్ని రోజులే అంది. లింగవ్వ ఆమె చెయ్యి నిమిరి, నీ గీతలు మంచిగ పడ్డయా బిడ్డా అని అడిగింది. పడ్డాయన్నట్టు ఆ పిల్ల తలూపింది. ఆ తలూపడం లింగవ్వకు కనపడదని తర్వాత గుర్తొచ్చింది.

గడువు ముగిసి గొట్టాలు తవ్వి తీసుకుపోయిన రోజు ముత్యం తాడు చుట్టి జీపులో పెట్టాడు. జమున వచ్చే ఏడు మంచు దేశం పోతానేమోనంది. పోయి రా బిడ్డా, ఆడ సలి ఎక్కువుంటదట, పైలం అన్నాడు. జీపు దుమ్ము తగ్గాక కిషన్ ఇంటికి పోయి, ట్రాక్టరు ఎవరిదైనా మాట్లాడమని చెప్పాడు. కిషన్ చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

సామాను ఎక్కువ లేదు. మంచం, రెండు పెట్టెలు, పత్తి మూట. చివరికి ముత్యం ఇంట్లోకి పోయి చెయ్యి ఇచ్చాడు. లింగవ్వ పట్టుకుంది. తనే అలికిన గడప, రోజూ దాటే గడప, దాని మీద ఆగి కాలితో తడిమింది. ఎంత ఎత్తు ఉందో తెలియక కాలు రెండుసార్లు గాల్లో ఆడించి, అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని దిగింది. కిషన్ పైనుంచి, ముత్యం కింది నుంచి పట్టి ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కించారు.

మంచం పట్టె మీద కూర్చున్నాక ఆమె ఎటు తిరిగి కూర్చోవాలని అడిగింది. ముత్యం ఆమె భుజాలు పట్టి ఇంజను వైపు తిప్పాడు. ఆమె అలాగే, తిప్పిన వైపే కూర్చుంది.